వీకీ వీవీకీ మధ్య

ఆమె పోయిందని ఆవిడ మనవరాలు పంపిన మెసేజ్ చూసేసరికి నేను ఇప్పుడు ఉంటున్న బోటనీ డౌన్స్‌లో, షాపింగ్ సెంటర్ కారు పార్కులో ఉన్నాను. ఒక చేతిలో పాల డబ్బా, ఇంకో చేతిలో ఫోను. రెండే వాక్యాలు. చదవగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం. అరికాళ్ల కింద కాంక్రీటు మెత్తబడినట్టయింది. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆమె దగ్గర పనిచేసిన నాలుగేళ్లలో నాకు అన్నిటికన్నా బాగా పరిచయమైంది భయమే. నాదీ, ఆమెదీ.

ఆమె పేరు రాయను. నర్సరీలో అందరికీ ఆమె ఆంటీ. అక్కడి మావోరీలు పెద్దావిడ ఎవరైనా ఆంటీ అనే అంటారు. ఆ దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో దిగిన మొదటి నెలలో నేను తడబడకుండా పలికిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట అదే. ఎప్పుడో మన మాట అయిపోయింది కదా.

నేను అక్కడికి వెళ్లింది పాలిటెక్నిక్‌లో చదవడానికి. కోర్సు అయ్యాక దొరికిన పని ఊరి చివర నర్సరీలో. అమ్మకానికి పూల మొక్కలు కాదు, ఆ నేలలో ఆదినుంచీ ఉన్న మొక్కలు పెంచే నర్సరీ. ఏటి గట్లకీ, బురద నేలలకీ, పొలాల అంచులకీ నాటడానికి తీసుకెళ్లేవారు. అందులో ముప్పావు వంతు గడ్డే. మాది అనంతపురం జిల్లా. మా ఊళ్లో గడ్డి అంటే బండి మీద వచ్చేది, పశువు ముందు వేసేది. అందుకే మొదటి రోజు ఒక కుండీ చూపించి, "ఈ గడ్డి ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాను.

ఆంటీ పని ఆపింది. పొట్టి మనిషి, బారెడు భుజాలు, తలకి ఎప్పుడూ ఊదారంగు ఉన్ని టోపీ. ఎడమ తుంటి అరిగిపోయి నడకలో పడవలా ఊగేది. దగ్గరకొచ్చి కుండీ నా చేతిలోంచి తీసుకుంది.

"గడ్డి అంటే గొర్రెలు తినేది అబ్బాయ్. దీనికి పేరుంది. నిన్నెవరైనా 'ఓ మనిషీ' అని పిలిస్తే పలుకుతావా?"

ఆ పేరు హౌమాతా. కొండల మీద పెరిగే పొడుగాటి గడ్డి. నేను నాలుగుసార్లు అనేదాకా కుండీ తిరిగి ఇవ్వలేదు.

పొద్దున్నే ఆమె చేసే పని ఒకటుండేది. ఏడున్నరకి ఇంకెవరూ రాకముందే వచ్చి, గేటు దగ్గర మొదలుపెట్టి, వరసల మధ్య నడుస్తూ ఒక్కో రకాన్నీ చేతి వెనక భాగంతో తట్టి పేరు పలికేది. తోయెతోయె. హౌమాతా. వీ. కారెతు. ఓయిఓయి. బడిలో హాజరు పిలిచినట్టు ఉండేది. మొదట్లో చూసి నవ్వుకున్నాను. తర్వాత ఒకరోజు మధ్యలో ఒక బల్ల దగ్గర ఆగిపోయింది. చెయ్యి మొక్క మీదే ఉంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. వెనక్కి తిరిగి గేటుదాకా వెళ్లి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి ఆ బల్ల దగ్గరకి వచ్చేసరికి పేరు వచ్చింది. నుదురు తుడుచుకుంది. అక్కడ వేసవిలోనే చెమట పట్టదు, అది మే నెల, అక్కడ చలి మొదలయ్యే కాలం.

నేను చూశానని ఆమె చూసింది.

"మా అమ్మకి మొదట పోయింది ఇవే," అంది. "మొదట గడ్డి పేర్లు. తర్వాత పిట్టలవి. తర్వాత పిల్లలవి. చివర్లో నన్ను పక్కింటి కుక్క పేరుతో పిలిచేది." నవ్వింది. నేనూ నవ్వాలేమో అనుకుని నోరు తెరిచి, నవ్వలేకపోయాను. గడ్డి అనకు అని నన్ను తిట్టిన మనిషి ఆ మాటల్లో తనే గడ్డి అనడం నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. డిగ్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ లైబ్రరీ పెట్టిన భిక్షే. ఇన్వర్‌కార్గిల్ చలికి ఫ్లాట్‌లో నోట్లోంచి పొగలు వచ్చేవి. లైబ్రరీ వెచ్చగా ఉండేది. చలికాచుకోవడానికి వెళ్లి పుస్తకాలకి చిక్కాను. మొక్కల పుస్తకాలు, భాషల పుస్తకాలు, అర్థమైనవీ కానివీ చదివేసి మర్నాడు ఆంటీ ముందు ఒలకబోసేవాణ్ణి. ఆమె నా పేరు పలకలేక నన్ను 'లైబ్రరీ' అని పిలవడం మొదలుపెట్టింది. "ఏయ్ లైబ్రరీ, నీళ్లు పట్టు." దాన్ని నేను బిరుదులాగే మోశాను.

ఒకసారి నిజంగానే ఆమెను ఆశ్చర్యపెట్టాను. కారెతు మంచి వాసన వేసే గడ్డి, ఎండితే వెనిలా వాసన. దాని చుట్టం ఒకటి అమెరికా మైదానాల్లో ఉందనీ, అక్కడి లకోటా జనం దాన్ని జడలల్లి కాల్చి ఆ పొగ పడతారనీ, దానికి వాళ్ల పేరు వచాంగ అనీ చదివాను. చెప్పగానే ఆంటీ కుండీ కింద పెట్టి, "మళ్లీ చెప్పు," అంది. చెప్పాను. "ఇంకోసారి." చెప్పాను. కారెతు వైపు వంగి, కొత్త కోడలికి పుట్టింటి కబురు చెప్పినట్టు, చాలా మెల్లగా, "వచాంగ. మీవాళ్లు," అంది.

తర్వాత నావైపు తిరిగి, "మీ దేశంలో వీటిని ఏమంటారు?" అని అడిగింది. గరిక అన్నాను, దర్భ అన్నాను. తర్వాత నోరు ఆగిపోయింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ నా ఫ్లాట్‌మేట్‌ని అడిగాను. కరీంనగర్ అన్న, నాకంటే రెండేళ్లు ముందు వచ్చినవాడు.

"గడ్డికి పేరేందిర? గడ్డి గడ్డే," అన్నాడు. "ఇంత దూరమొచ్చి గడ్డి పీకుతున్నవు, సాలదా? దానికి బారసాల గూడ జేస్తవా?"

"ఊరికే చెప్పన్నా. నాకు రెండే గుర్తున్నాయి."

"తుంగ. ఇంక... ఆగు. మా బాయికాడ ఒకటుండె. పిక్కలకు కోసుకునేది. మా అవ్వ దినాం దాన్ని తిట్టుకుంటనే పీకేది. ఏమనేది... ఏమనేదిరా..." చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పప్పు చల్లారింది. "యాదికొస్తలేదు," అన్నాడు చివరికి, నావైపు చూడకుండా. తర్వాత రెండు మూడు రోజులు ఆ ఊసు ఎత్తితే కసురుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆంటీ పొద్దున్నే ఏడున్నరకి ఎందుకొస్తుందో.

ఇక వీ సంగతి. వీ అంటే వెండిలా మెరిసే గడ్డి దుబ్బు, పెద్దావిడ జుట్టులా పక్కకి వాలి ఉంటుంది. గట్టి నేల మీద పెరుగుతుంది. వీవీ వేరే మొక్క. పచ్చగా, నిటారుగా, అల్లిక సూదుల్లా నిలబడుతుంది. దాని కాళ్లు ఎప్పుడూ నీళ్లలోనే. ఆంటీ ఈ తేడాని చేతులతో చెప్పేది. వీ అన్నప్పుడు పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకునేది. వీవీ అన్నప్పుడు పది వేళ్లూ కిందికి వేలాడేసి ఆడించేది, మునుగుతున్నట్టు. "పొగమంచు పట్టిందంటే ఆకాశం చూడకు, ఫోను చూడకు. పాదం చూడు. వీ అయితే నిలబడు."

నాకు మాత్రం ఇంకోటి తట్టింది. మావోరీ లాంటి భాషల్లో మాటని రెండుసార్లు అంటే ఎక్కువ అని అర్థం వస్తుందని ఎక్కడో చదివాను. మనకీ అంతే కదా.

"ఆంటీ, వీ అంటే ఒకటి. వీవీ అంటే అవే బోలెడు. మేం చిన్న చిన్న రాళ్లు అంటాం, అంటే చాలా రాళ్లు."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం ఎప్పుడైనా గమ్‌బూట్లు వేసుకుందా?" మళ్లీ పిడికిలి బిగించింది, మళ్లీ వేళ్లు ఆడించింది. నేను తలూపాను. తలలో మాత్రం పుస్తకమే ఉండిపోయింది.

ఊరికి పడమటన ఏరు సముద్రంలో కలిసేచోట పెద్ద బురద మైదానం ఉంది. పోటుకి నీరు, పాటుకి బురద. విత్తనాలు సేకరించడానికి వేసవి చివర్లో అక్కడికి వెళ్లేవాళ్లం. ఆ రోజు ఆంటీ, నేనూ మాత్రమే వెళ్లాం. నర్సరీ యజమాని తన యూట్, వెనక సామాను తొట్టి ఉన్న బండి, ఇచ్చాడు; ఆంటీ నడిపింది. తుంటి నొప్పిగా ఉందని ఆమె గట్టు మీద దుంగపై కూర్చుని, నాకు ఒక సంచీ ఇచ్చి పంపింది. "నీకు నేను కనపడేంత దూరమే వెళ్లు."

నేను కనపడేంత దూరమే వెళ్లాను. కనపడటం ఆగిపోయింది అంతే. సముద్రం మీదనుంచి మంచు ఒక్క ఊపున వచ్చింది. తలెత్తేసరికి గట్టు లేదు, ఆంటీ లేదు, చేయి చాస్తే వేళ్లు మసకగా ఉన్నాయి. అప్పుడు కాళ్ల దగ్గర చిన్న శబ్దం వినిపించింది, పిల్లి పాలు తాగుతున్నట్టు. పోటు. నీళ్లు సముద్రం వైపునుంచి వస్తాయనుకునేవాణ్ణి. అవి చిన్న కాలవల్లోంచి, నా వెనకనుంచి వస్తున్నాయి. మా ఊళ్లో నీళ్లంటే ట్యాంకర్. నడిచొచ్చే నీళ్లని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆంటీ!" అని అరిచాను.

"వీ!" అని వినిపించింది ఎక్కడినుంచో. ఆ వెంటనే మళ్లీ, "వీ!"

నా ఎడమ పక్క అక్కడొకటి ఇక్కడొకటిగా వెండి దుబ్బులున్నాయి. కుడి పక్క నడుమెత్తు, చిక్కగా, నల్లటి గోడలా ఏదో ఉంది. నాకు వినపడింది వీవీ. వీవీ అంటే బోలెడు. చిక్కగా ఉన్నచోట నేల గట్టిగా ఉంటుంది. ఒక్క క్షణం కూడా ఆగకుండా కుడివైపు పరుగెత్తాను. ఆరో అడుగుకి మోకాలిదాకా దిగాను. ఏడోది వెయ్యడానికి కాలు రాలేదు. లాగితే ఇంకో కాలు తొడదాకా దిగింది. చల్లదనం ఎముకల్లోకి వెళ్లింది.

"లైబ్రరీ! చేతికి ఏం తగులుతోంది? జుట్టా, సూదులా?"

"సూదులు!"

ఒక నిమిషం ఏమీ వినపడలేదు. ఆ నిమిషం ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు వస్తుంది, బస్సులోనో, మీటింగులోనో.

తర్వాత ఆమె గొంతు దగ్గరైంది. తుంటి లాక్కుంటూ వస్తోంది. దుబ్బు మీదనుంచి దుబ్బు మీదికి అడుగు పెడుతూ ప్రతి అడుగుకీ ఒకసారి అంటోంది: వీ. ఊపిరి. వీ. ఊపిరి. మంచులోంచి ముందు ఊదా టోపీ బయటికొచ్చింది. "నిలబడాలని చూడకు. కూర్చో. కూర్చుని వెనక్కి పడుకో." చావమన్నట్టే అనిపించింది కానీ పడుకున్నాను. విత్తనాల గోనెసంచులు పరిచి, నా కాలరు పట్టుకుని, బూతులు తిడుతూ లాగింది. కుడి బూటు ఇప్పటికీ అక్కడే ఉంది.

నర్సరీకి వచ్చాక నన్ను హీటరు ముందు కూర్చోబెట్టారు. యజమాని పక్కనే ఉన్నాడు. నా వీసా కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆంటీ నా ముందు స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నేను ఏమని అరిచాను?" అని అడిగింది. "నిజం చెప్పు. ఏ పేరు అన్నాను?"

అప్పటికే నాకు తెలుసు. ఆమె వస్తున్నప్పుడు రెండు 'వీ'ల మధ్య ఊపిరి విన్నాను. మొదటిసారి అరిచినప్పుడూ ఆ ఊపిరి ఉంది. ఆమె సరిగ్గానే పిలిచింది, రెండుసార్లు పిలిచింది, అంతే. నేను పుస్తకం నమ్మి బురదలో దిగానని యజమాని ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు.

"వీవీ అన్నారు ఆంటీ," అన్నాను.

ఆమె ముఖంలో ఏదీ మారలేదు. దానికే నాకు భయం వేసింది. తలూపి, లేచి, ఒళ్లో చేతుల్ని జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోయింది. యజమాని మెల్లగా, "ఆంటీకి వయసు పైబడుతోంది," అన్నాడు.

మర్నాడు ఏడున్నరకి నేను ముందే వెళ్లాను. వరసల మధ్య ఎవరూ లేరు. ఎనిమిదింటికి అందరితో కలిసి వచ్చింది. ఆ రోజునుంచి మొక్కల్ని తట్టలేదు, పేర్లు పలకలేదు. బురద మైదానానికి రానంది. విత్తనాల పనికి నన్ను పెద్దని చేశారు, అది వీసాకి బాగా పనికొచ్చే మాట. కుండీలకి చీటీలు రాయాల్సి వస్తే ఆంటీ పెన్ను పట్టుకుని నా దగ్గరకొచ్చేది. "ఇది ఏమిటి లైబ్రరీ?" చెప్పేవాణ్ణి. "ఖాయమేనా?" ఖాయమే అనేవాణ్ణి. నేను ఏది చెప్తే అది రాసుకునేది. ఒకవేళ నేను తప్పు చెప్పినా రాసుకుంటుంది. రోజూ ఇంటికెళ్లాక, ఆ రోజు చెప్పినవన్నీ పుస్తకంలో మళ్లీ వెతికి చూసేవాణ్ణి.

ఆమె మనవరాలు పామర్‌స్టన్ నార్త్‌లో యూనివర్సిటీలో చదివేది. ఇంట్లో ఎవరూ నేర్పని తన భాషని అక్కడ నేర్చుకుంటోంది. టీ టైముకి ఫోను చేసి అవ్వని, తను పిలిచే 'నాన్'ని, మాటలు అడిగేది. స్పీకరులో అందరికీ వినపడేది.

"నాన్, బురద దగ్గర వెండిలా ఉంటుందే, దాన్ని ఏమంటాం మనం?"

"నాకు తెలీదు బంగారం. లైబ్రరీని అడుగు." ఫోను నా చేతిలో పెట్టి, తన టీ పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్లింది. నేను ఆ పిల్లకి ఆమె సొంత అవ్వ మాటని అందించాను. "థాంక్స్," అంది. "నాన్‌కి తెలుసనుకున్నాను." ఇలా ఒక్కసారి కాదు.

ఆ తర్వాత సంవత్సరాల్లో ఆంటీకి మరుపు నిజంగానే వచ్చింది. నేనన్న మాటకి ముందే అది బయల్దేరిందా, లేక తన నోటి మీద నమ్మకం పోయాక వచ్చిందా అని చాలా పుస్తకాలు వెతికాను. ఎక్కడా లేదు.

ఆంటీకి నిజం చెప్పడానికి మాత్రం ఎనిమిది నెలలు ఆగాను. ఎందుకు ఆగానో చెప్పడానికి మంచి కారణం లేదు, భయమే. ఒకరోజు టీ టైములో, యజమాని ఊళ్లో లేడు, బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని చెప్పేశాను.

"ఆంటీ, ఆ రోజు మీరు వీ అన్నారు. రెండుసార్లు అన్నారు. నేనే తప్పు విన్నాను. తెలిసి కూడా మీకు అబద్ధం చెప్పాను."

ఆమె థర్మాస్ మూతలోకి టీ వంపుకుంటూ అడిగింది:

"ఎన్ని నెలలు?"

"ఎనిమిది."

"ఎనిమిది," అంది. టీ నేల మీద పారబోసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. జేబులోంచి ఫోను తీసి మనవరాలికి కలిపి, స్పీకరు పెట్టి నా ముందు పట్టుకుంది. "నాకు కాదు. దానికి చెప్పు."

చెప్పాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఒక్క ముక్క దాచకుండా. అటువైపు ఆ పిల్ల చివరిదాకా వింది. తర్వాత నాతో కాదు, అవ్వతో అంది:

"అయితే నువ్వే చెప్పు నాన్. ఆ వెండిలాంటిదాన్ని ఏమంటాం?"

ఆంటీ నోరు తెరిచింది. మాట రాలేదు. పెదవులు కదిలాయి, గొంతు కదిలింది. కళ్లు నా మీదకి వచ్చాయి. నాకు తెలుసు ఆ పేరు, నాలుక చివర ఉంది. ఒక్క అక్షరం. తొడదాకా బురదలో ఉన్నప్పుడు కూడా నేను అంత భయపడలేదు. పళ్ల మధ్య నాలుక కరిచిపట్టుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయాను.

"నాన్? ఉన్నావా?"

బెంచీ కిర్రుమంది. ఆంటీ లేచి నిలబడింది. పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకుంది.

"వీ," అంది.

ఒక్కసారే అంది.